అమ్మ ఎప్పుడూ వాడని మందుకు రిపోర్టులో 'ఆర్' ఎలా వచ్చింది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. చీపురుపల్లిలో ఉండే మీ అమ్మగారికి మూత్రంలో మంట, మాటిమాటికీ వెళ్లాల్సి రావడం. జ్వరం లేదు. విజయనగరంలో యూరిన్ కల్చర్ (మూత్రంలోని బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్ష) చేయిస్తే ఈ.కోలి అనే పేగుల బ్యాక్టీరియా వచ్చింది. సెఫోటాక్సిమ్, సెఫ్ట్రియాక్సోన్, సిప్రోఫ్లాక్సాసిన్, జెంటామైసిన్, కోట్రైమాక్సజోల్ అన్నిటికీ ఎదురుగా 'ఆర్', అంటే రెసిస్టెంట్, ఆ మందు పనిచేయదని. నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్, అమికాసిన్, మెరోపెనెమ్‌లకు మాత్రం 'ఎస్', అంటే సెన్సిటివ్, పనిచేస్తుందని. అడుగున 'ఈఎస్‌బీఎల్ పాజిటివ్' అని ఒక ముక్క. ఆవిడ సెఫ్ట్రియాక్సోన్ సూది జన్మలో వేయించుకోలేదు. మోషన్స్ అయినప్పుడల్లా మందుల షాపులో ఇచ్చే ఆఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ మాత్రలే వాడింది. మరి వాడని మందుకు ఒళ్లు ఎలా అలవాటు పడిందని మీ సందేహం.

శ్రీకాకుళంలో కల్చర్ ప్లేట్లు చదవడమే చాలా ఏళ్లుగా నా పని. ఈ ప్రశ్న మా కౌంటర్ దగ్గర రోజూ వినబడేదే. "ఏటి బాబూ, అన్నీ ఆర్‌లే వొచ్చినాయి, మరింకేటి మిగిలింది?" అంటారు. నిలబడి చెప్పడానికి కుదరదు కాబట్టి ఇక్కడ తీరిగ్గా రాస్తున్నాను.

ముందు ఒక్క సంగతి సరిచేసుకుందాం. మందుకు అలవాటు పడింది అమ్మగారి ఒళ్లు కాదు. ఆవిడ పేగుల్లోంచి మూత్రనాళంలోకి చేరిన ఆ ఈ.కోలికి ఆ శక్తి ఉంది. అదీ తనంతట తాను కష్టపడి సంపాదించుకున్నది కాకపోవచ్చు. ఎక్కడో, ఎప్పుడో, మరో బ్యాక్టీరియా దగ్గర రెడీమేడ్‌గా పుచ్చుకుని ఉంటుంది. ఆ ఇచ్చిపుచ్చుకోవడం అమ్మగారి కడుపులోనే జరిగి ఉండొచ్చు, ఏ మురుగుకాలువలోనో జరిగి తరువాత నీళ్లతో లోపలికి వచ్చి ఉండొచ్చు.

మీ రిపోర్టులో ఆ 'ఈఎస్‌బీఎల్' ఎలా తేలుస్తామో చెబితే సగం విషయం అర్థమవుతుంది. గడ్డకట్టిన లేత పసుపు రంగు మీడియం మీద బ్యాక్టీరియాను పలచగా పూస్తాం. దాని మీద మందులో ముంచి ఆరబెట్టిన చిన్న కాగితం బిళ్లలు పెడతాం. రాత్రంతా ఇంక్యుబేటర్‌లో ఉంచి పొద్దున్నే తీస్తే, మందు పనిచేసిన చోట బిళ్ల చుట్టూ గుండ్రంగా ఖాళీ కనబడుతుంది, మిగతా అంతా బూడిదరంగు పొర. మీ అమ్మగారి ప్లేటులో సెఫోటాక్సిమ్ బిళ్ల చుట్టూ ఖాళీ పెద్దగా ఉండి ఉండదు. కానీ దానికి రెండు సెంటీమీటర్ల దూరంలో క్లావ్యులానిక్ యాసిడ్ ఉన్న బిళ్ల పెడితే, ఆ రెండింటి నడుమ మాత్రం ఖాళీ జాగా లోపలికి సాగి వస్తుంది. అంటే ఆ బ్యాక్టీరియా ఒక ఎంజైము తయారుచేసి సెఫోటాక్సిమ్‌ను విరగ్గొడుతోంది, క్లావ్యులానిక్ యాసిడ్ వచ్చి ఆ ఎంజైము చేతులు కట్టేస్తే మందు మళ్లీ పనిచేస్తోంది అన్నమాట. ఆ ఎంజైమే ఈఎస్‌బీఎల్. మన దేశంలో ఎక్కువగా కనబడే రకం పేరు సీటీఎక్స్-ఎమ్-15. 1999లో ఢిల్లీలో సేకరించిన బ్యాక్టీరియాలోనే దాన్ని మొదట గుర్తించారు.

ఆ ఎంజైము తయారీకి కావలసిన జన్యువు ఈ.కోలి సొంత ఆస్తి కాదు. దాని పుట్టిల్లు క్లూయివేరా అనే మరో బ్యాక్టీరియా. అది మట్టిలో, నీళ్లలో బతికే రకం, మనిషికి అంతగా జబ్బు చేయదు. దాని క్రోమోజోములో ఒక మూల ఈ జన్యువు ఊరికే పడి ఉండేది. పక్కన ఒక గెంతే డీఎన్ఏ ముక్క చేరి దాన్ని వెంటబెట్టుకుని లేచి ప్లాస్మిడ్ మీద కూర్చుంది. అక్కడినుంచి దాని ప్రయాణం మొదలైంది.

ప్లాస్మిడ్ అంటే బ్యాక్టీరియా క్రోమోజోముకు వేరుగా ఉండే చిన్న డీఎన్ఏ వలయం. తనను తాను కాపీ చేసుకోగలదు. పెద్ద ప్లాస్మిడ్లలో చాలావాటికి మరో విద్య కూడా ఉంది: పక్క బ్యాక్టీరియాలోకి వెళ్లగలవు. దీన్ని కాంజుగేషన్ అంటారు. జాషువా లెడర్‌బర్గ్, ఎడ్వర్డ్ టేటమ్ 1946లో ఈ.కోలిలో బయటపెట్టారు. ఇచ్చే బ్యాక్టీరియా ఒంటిమీద నుంచి సన్నని పోగు ఒకటి బయటికి పెరుగుతుంది. అది పక్కదాన్ని తాకి, పట్టుకుని, వెనక్కి ముడుచుకుంటుంది. రెండూ ఒకదానికొకటి అంటుకుంటాయి. ప్లాస్మిడ్ రెండు పేటల్లో ఒకదాన్ని ఒక ఎంజైము నిర్ణీత స్థలంలో తెంపుతుంది. ఆ తెగిన పేట ఇటు జారుతుంటే, రెండు వైపులా ఎదురు పేట కొత్తగా తయారైపోతూ ఉంటుంది. ఈ.కోలి క్రోమోజోము మొత్తం ఇలా వెళ్లాలంటే వంద నిమిషాలు పడుతుంది, ప్లాస్మిడ్ దానిలో పదోవంతు కూడా ఉండదు కాబట్టి కొద్ది నిమిషాల్లో పని అయిపోతుంది. ఇచ్చినదాని దగ్గర ప్లాస్మిడ్ పోదు. పుచ్చుకున్నదీ ఇప్పుడు ఇవ్వగలదు.

విశాఖలో ఎమ్మెస్సీ చదివేటప్పుడు మాతో చేయించిన ప్రయోగం ఒకటుంది, దీన్ని కళ్లతో చూడడానికి అంతకంటే సులువైన మార్గం లేదు. జే-53 అనే ఈ.కోలి రకం ఉంది. సోడియం ఎజైడ్ అనే విషం పోసినా చావదు, కానీ యాంటీబయాటిక్ ఏది ఇచ్చినా చస్తుంది. రోగి దగ్గర తీసిన ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియా సరిగ్గా దానికి తలకిందులు: సెఫోటాక్సిమ్‌కు చావదు, ఎజైడ్‌కు చస్తుంది. రెండింటినీ ఒక ట్యూబులో కలిపి రాత్రంతా ఉంచాలి. మర్నాడు ఎజైడ్, సెఫోటాక్సిమ్ రెండూ కలిపిన ప్లేటు మీద పూయాలి. విడివిడిగా పూసిన ప్లేట్లలో ఏమీ మొలవదు. కలిపినదాంట్లో మాత్రం చుక్కలు చుక్కలుగా కాలనీలు లేస్తాయి. ఎజైడ్‌కు ఓర్చుకునే జే-53 సెఫోటాక్సిమ్ శక్తిని కూడా పుచ్చుకుందన్నమాట. అసలు విశేషం ఆ తరువాతి మెట్టులో ఉంది. ఆ కాలనీ ఒకదాన్ని తీసి మళ్లీ బిళ్లల పరీక్ష పెడితే చాలాసార్లు జెంటామైసిన్‌కు, కోట్రైమాక్సజోల్‌కు కూడా 'ఆర్' వస్తుంది. మేం ఆ మందులు ట్యూబులో వేయనేలేదు.

మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. మందును తట్టుకునే శక్తినిచ్చే నిరోధక జన్యువులు తాళంచెవుల గుత్తిలా కలిసి ప్రయాణం చేస్తాయి. ఒక తాళం కోసం గుత్తి అందుకున్నవాడికి మిగతా తాళాలూ తెరుచుకుంటాయి. గెంతే డీఎన్ఏ ముక్కలను ట్రాన్స్‌పోజాన్లంటారు, అవి ఒక జన్యువును తెచ్చి ప్లాస్మిడ్ మీద పెడతాయి. ఇంటిగ్రాన్ అనే మరో ఏర్పాటు ఉంది, వచ్చిన జన్యువులను ఒకదాని పక్కన ఒకటి వరుసగా గుచ్చి, అన్నిటినీ ఒకే స్విచ్ కింద నడిపిస్తుంది. దాన్ని 1989లో ఆస్ట్రేలియాలో స్టోక్స్, హాల్ వర్ణించారు. ఆసుపత్రి బ్యాక్టీరియాలో కనబడే మామూలు ఇంటిగ్రాన్ల చివర సల్ఫా మందులను తట్టుకునే జన్యువు, డిసిన్ఫెక్టెంట్లను తట్టుకునే జన్యువు తాలూకు ముక్క అతుక్కునే ఉంటాయి. కాబట్టి మందుబిళ్ల ఒక్కటే దోషి అనుకోకండి. రాగి, జింకు, పాదరసం లాంటి లోహాలను తట్టుకునే జన్యువులు కూడా అదే గుత్తిలో ఉంటాయి, ఆ లోహాలున్న చోట మందు చుక్క లేకపోయినా గుత్తి నిలబడుతుంది.

ఈ గుత్తి వ్యవహారాన్ని మొదట గమనించింది జపాన్‌వాళ్లు. రెండో ప్రపంచయుద్ధం తరువాత అక్కడ జిగట విరేచనాలు విపరీతంగా ఉండేవి. షిగెల్లా అనే బ్యాక్టీరియా చేసే జబ్బు అది. 1950ల మధ్యకు వచ్చేసరికి సల్ఫా, స్ట్రెప్టోమైసిన్, క్లోరాంఫెనికాల్, టెట్రాసైక్లిన్ నాలుగింటికీ లొంగని షిగెల్లా బయటపడింది. క్లోరాంఫెనికాల్ ఒక్కటే వాడిన రోగి దగ్గర కూడా నాలుగింటికీ లొంగని రకం దొరికేది. అచ్చంగా మీ అమ్మగారి కథే. మార్పులు ఒక్కొక్కటిగా వస్తే నాలుగూ ఒకేసారి రావడం లెక్కకు అందదు. పైగా అదే రోగి మలంలోని ఈ.కోలికి కూడా ఆ నాలుగింటికే నిరోధకత ఉండేది. 1959లో ఒచియాయ్ బృందం, అకిబా బృందం రెండు బ్యాక్టీరియాలనూ కలిపి పెంచి, నాలుగు నిరోధకతలూ ఒక్క మూటగా ఈ.కోలి నుంచి షిగెల్లాకు వెళ్తున్నాయని చూపించారు. త్సుతోము వతనాబే 1963లో ఇదంతా ఇంగ్లీషులో సమగ్రంగా రాసేదాకా మిగతా ప్రపంచం పెద్దగా పట్టించుకోలేదు. ప్లాస్మిడ్ మీద ఇంత వివరం తెలియని రోజుల్లో, మామూలు ప్లేట్లతో, రోగుల మలం నమూనాలతో వాళ్లు అంత దూరం వెళ్లారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కాంజుగేషన్ ఒక్కటే దారి కాదు, మరో రెండున్నాయి. చచ్చిన బ్యాక్టీరియా నుంచి బయటపడ్డ డీఎన్ఏను బతికున్నది నేరుగా మింగేయడం ఒకటి. ఫ్రెడరిక్ గ్రిఫిత్ 1928లో న్యుమోనియా బ్యాక్టీరియాతో ఎలుకల మీద చేసిన ప్రయోగం స్కూలు పుస్తకాల్లో చదివే ఉంటారు. అదే బ్యాక్టీరియా ఇలా పక్కవాళ్ల డీఎన్ఏ ముక్కలు తెచ్చి తన జన్యువులో అతికించుకునే పెన్సిలిన్‌ను తట్టుకోవడం నేర్చింది. రెండోది ఫేజ్‌ల ద్వారా. ఇవి బ్యాక్టీరియాను పట్టే వైరస్‌లు. తమ డీఎన్ఏ సర్దుకునేటప్పుడు పొరపాటున బ్యాక్టీరియా డీఎన్ఏను కూడా మూటగట్టి ఇంకోదాంట్లో దింపుతాయి. జిండర్, లెడర్‌బర్గ్ 1952లో సాల్మొనెల్లాలో కనిపెట్టారు. స్టెఫైలోకాకస్ లాంటి చీముపట్టించే రకాల్లో ఈ దారి ముఖ్యం. మూత్రంలో ఈ.కోలి విషయంలో మాత్రం కాంజుగేషన్‌దే పెద్దపీట.

డీఎన్ఏ మింగడం గురించి మన తీరప్రాంతం వాళ్లకు పనికొచ్చే సంగతి ఒకటి చెప్పాలి. కలరా బ్యాక్టీరియా ఊరికే డీఎన్ఏ మింగదు. రొయ్య పొట్టు, పీత డొల్ల కైటిన్ అనే పదార్థంతో తయారవుతాయి, ఆ కైటిన్ మీద అతుక్కుని పెరుగుతున్నప్పుడు దానికి ఆ ఆకలి పుడుతుంది. 2005లో తేల్చారు. బారువ నుంచి భోగాపురం దాకా మన తీరమంతా రొయ్యలున్నాయి, చెరువు అడుగున పొట్టు ఉంటుంది, విబ్రియోలు (కలరా బ్యాక్టీరియా, దాని బంధువులు) ఉప్పునీళ్లలో ఎప్పుడూ ఉంటాయి. అలాంటి చెరువులో యాంటీబయాటిక్ కలిపిన మేత వేస్తే ఏమవుతుందో ఆలోచించండి. పైగా ఆ మందు దేనికి వేస్తారు? రొయ్యలకొచ్చే వైట్ స్పాట్, ఈహెచ్‌పీ జబ్బులకు. వైట్ స్పాట్ వైరస్ జబ్బు, ఈహెచ్‌పీ ఫంగస్ కోవలోది. రెండింటి మీదా యాంటీబయాటిక్ పనిచేయదు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు రొయ్యల సాగులో నిషిద్ధం. విదేశాల్లో వీటి అవశేషాలు దొరికితే కంటెయినర్ వెనక్కి వస్తుందని రైతులకు నాకంటే బాగా తెలుసు.

సిప్రో గురించి మరో మాట. విబ్రియోల్లో ఎస్‌ఎక్స్‌టీ అనే గెంతే డీఎన్ఏ ముక్క ఉంది. 1992లో చెన్నైలో వచ్చిన కలరా బ్యాక్టీరియాలో దొరికింది, నాలుగైదు మందులకు నిరోధకత మోసుకొస్తుంది. మామూలుగా అది క్రోమోజోములో అణిగి ఉంటుంది. సిప్రోఫ్లాక్సాసిన్ తగిలితే బ్యాక్టీరియా డీఎన్ఏ దెబ్బతిని లోపల ప్రమాద ఘంటిక మోగుతుంది. ఆ ఘంటిక వినగానే ఎస్‌ఎక్స్‌టీ లేచి పక్క బ్యాక్టీరియాలోకి దూకడం ఎన్నో రెట్లు పెరుగుతుంది. మన పేగుల్లో ఉండే బ్యాక్టిరాయిడ్స్ జాతిలో టెట్రాసైక్లిన్ కూడా ఇలాంటి పనే చేస్తుంది. అంటే మందు కేవలం బలహీనులను ఏరివేసి ఊరుకోదు, కొన్నిసార్లు ఇచ్చిపుచ్చుకోవడాన్నే ఎగదోస్తుంది. ఇది అన్ని మందులకూ, అన్ని ప్లాస్మిడ్లకూ వర్తించదు. మామూలుగా మందు చేసే ప్రధానమైన పని చోటు ఖాళీ చేయడమే.

ఇప్పుడు అమ్మగారి ఆఫ్లాక్సాసిన్ మాత్రల దగ్గరికి వద్దాం. మన పేగుల్లో కోటానుకోట్ల బ్యాక్టీరియా ఉంటాయి, లెక్కగట్టినవాళ్లు ఒంట్లో దాదాపు 38 లక్షల కోట్లు అన్నారు. ఆఫ్లాక్సాసిన్, సిప్రో ఒకే కుటుంబం. ఈ కుటుంబానికి గట్టిగా ఎదురు నిలిచే శక్తి ఎక్కువగా క్రోమోజోములో వచ్చే చిన్న మార్పుల వల్ల వస్తుంది, ప్లాస్మిడ్ వల్ల కాదు. ఆ మార్పులూ, సీటీఎక్స్-ఎమ్-15 ప్లాస్మిడ్డూ రెండూ ఒకేచోట ఉన్న ఈ.కోలి వంశాలున్నాయి. ఎస్‌టీ131 అనే వంశం ప్రపంచమంతా పాకింది. మాత్ర వేసిన ప్రతిసారీ మామూలు ఈ.కోలి చస్తుంది, ఇలాంటి వంశం మిగులుతుంది, ఖాళీ అయిన చోటంతా ఆక్రమిస్తుంది. దానితోపాటు సెఫ్ట్రియాక్సోన్‌ను విరగ్గొట్టే జన్యువు కూడా పెరుగుతుంది. ఆవిడకు సెఫ్ట్రియాక్సోన్ సూది వేయాల్సిన పనే లేదు. ఆ మాత్రలు వేసుకున్న విరేచనాల్లో చాలావాటికి ఓఆర్‌ఎస్ నీళ్లు సరిపోయేవి.

అసలీ జన్యువులు మొదట ఎక్కడివి అంటారేమో. చాలా పాతవి. కెనడాలోని యూకాన్‌లో 30,000 ఏళ్ల కిందట గడ్డకట్టిన మట్టిలో పెన్సిలిన్ రకాలకూ, టెట్రాసైక్లిన్‌కూ, వాంకోమైసిన్‌కూ నిరోధకతనిచ్చే జన్యువులు 2011లో దొరికాయి. మట్టిలో బ్యాక్టీరియా, బూజులు ఒకరి మీద ఒకరు విసురుకునే ఆయుధాలే మన యాంటీబయాటిక్‌లు, కాబట్టి కవచాలు కూడా అంత పాతవే. మన భీమవరం మనిషి యల్లాప్రగడ సుబ్బారావు పరిశోధన విభాగానికి నాయకుడిగా ఉన్న లెడర్లీ అనే అమెరికా మందుల సంస్థలోనే, మిస్సోరి మట్టిలోంచి తీసిన ఆరియోమైసిన్‌ను బెంజమిన్ డగ్గర్ 1948లో లోకానికి చెప్పాడు. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. అదే సంస్థ శాస్త్రవేత్తలు ఆ మందు తీసేసిన పిప్పి కలిపిన మేత పెడితే కోళ్లు త్వరగా బరువెక్కుతున్నాయని కనుక్కున్నారు. అక్కడ మొదలైంది మరో కథ.

ఆ కథకు స్టువార్ట్ లెవీ 1976లో ముగింపు లాంటిది రాశాడు. అమెరికాలో ఒక పొలంలో కోళ్లకు టెట్రాసైక్లిన్ కలిపిన మేత పెట్టి చూశాడు. మొదటి వారంలోనే కోళ్ల పేగుల్లో బ్యాక్టీరియా దాదాపు అంతా టెట్రాసైక్లిన్‌కు లొంగనిదిగా మారింది. కొద్ది నెలల్లో, తమకు మందేమీ వాడని ఆ ఇంటి మనుషుల పేగుల్లోకీ చేరింది. టెట్రాసైక్లిన్ తప్ప మరొకటి పెట్టకపోయినా ఇతర మందులకు కూడా నిరోధకత తోడైంది. మళ్లీ గుత్తే. మొన్నమొన్నటి ఉదాహరణ కొలిస్టిన్‌ది. మిగతావేవీ పనిచేయనప్పుడు ఐసీయూలో వాడే ఆఖరి మందుల్లో అది ఒకటి. దానికి నిరోధకత ప్లాస్మిడ్ మీద ప్రయాణం చేయదనుకునేవాళ్లం. 2015 నవంబరులో చైనాలో పందుల్లో, మాంసంలో, రోగుల్లో ప్లాస్మిడ్ మీదే దొరికింది, ఎమ్‌సీఆర్-1 అని పేరు పెట్టారు. మన దేశం 2019 జులైలో పశువులకు, కోళ్లకు, చేపలకు కొలిస్టిన్ వాడకం నిషేధించింది. నా దృష్టిలో ఈ విషయంలో మనం చేసిన మంచి పనుల్లో అది ముందు వరుసలో ఉంటుంది.

కోడి తింటే ఈ జన్యువులు మనకొస్తాయా అని మీరు అడిగారు. ఉడికిన మాంసంతో భయం లేదు, బ్యాక్టీరియా చస్తుంది, మిగిలిన డీఎన్ఏ కడుపులో చాలావరకు ముక్కలైపోతుంది. పచ్చి మాంసం కోసిన కత్తిపీటతోనే దోసకాయ కోసి తింటే వస్తాయి. కోళ్లఫారం గత్తం పచ్చిగా కొత్తిమీర మడిలో వేసి, ఆ కొత్తిమీర కడక్కుండా చల్లుకుంటే వస్తాయి. అన్నిటికంటే పెద్ద దారి నీళ్లు. 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో తాగునీరు కలుషితమై అతిసారం ప్రబలి మనుషులు పోయారు, అందరికీ గుర్తుండే ఉంటుంది. మలం కలిసిన నీరు ఒక ఇంటి నుంచి మరో ఇంటికి విరేచనాలు మాత్రమే మోయదు, పేగుల్లోని ప్లాస్మిడ్లను కూడా అదే పైపులో మోస్తుంది. ఆ రెండోదానికి వాసన ఉండదు, జబ్బు వెంటనే రాదు, పేపర్లో పడదు.

ఢిల్లీలో దీన్ని కొలిచి చూశారు. 2008లో, అంతకుముందు ఢిల్లీలో చికిత్స చేయించుకుని స్వీడన్ వెళ్లిన ఒక రోగి దగ్గర మెరోపెనెమ్ లాంటి మందులను కూడా విరగ్గొట్టే ఎంజైము దొరికింది. దానికి న్యూఢిల్లీ పేరు కలిపి ఎన్‌డీఎమ్-1 అని పెట్టడంతో మన దేశంలో పెద్ద రగడే అయింది. పేరు గొడవలో అసలు ముచ్చట మరుగున పడింది: ఆ రోగి మూత్రంలోని క్లెబ్సియెల్లాలోనూ, మలంలోని ఈ.కోలిలోనూ అదే జన్యువు ఉంది. జాతులు వేరు, జన్యువు ఒకటే. 2011లో ఢిల్లీ వీధుల్లో నిలిచిన నీళ్లు 171 చోట్ల, కుళాయి నీళ్లు 50 చోట్ల పరీక్షించారు. నిలిచిన నీళ్లలో 51, కుళాయి నీళ్లలో 2 నమూనాల్లో ఆ జన్యువు తేలింది. ఆ ప్లాస్మిడ్లు 25, 37 డిగ్రీల కంటే 30 డిగ్రీల వద్ద ఎక్కువ చురుగ్గా చేతులు మారాయి. 30 డిగ్రీలంటే మన మురుగుకాలువకు ఏడాదిలో చాలా నెలలుండే వేడి. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే ప్లాంటు నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో వచ్చిన నివేదిక మీకు తెలిసే ఉంటుంది. ఒంట్లో రక్తంలోనే అంత ఉండదు.

మరి మందు మానేస్తే నిరోధకత పోదా? ప్లాస్మిడ్ మోయడం బ్యాక్టీరియాకు కొంత బరువే, కాబట్టి మందు లేకపోతే వదిలించుకోవాలి. వదలనివ్వదు. చాలా ప్లాస్మిడ్లు ఒక విషాన్నీ, దాని విరుగుడునూ కలిపి తయారుచేయిస్తాయి. విషం నిలకడగా ఉంటుంది, విరుగుడు తొందరగా అరిగిపోతుంది. ప్లాస్మిడ్ పోగొట్టుకున్న పిల్ల బ్యాక్టీరియాకు కొత్త విరుగుడు దొరకక చస్తుంది. బ్రిటన్‌లో 1990లలో సల్ఫా మందుల వాడకం వందకు 97 పాళ్లు పైగా పడిపోయింది. ఈ.కోలిలో సల్ఫా నిరోధకత 1991లో దాదాపు 40 శాతం ఉంటే 1999లో 46 శాతానికి చేరింది. తగ్గకపోవడానికి ఒక ముఖ్య కారణం, ఆ జన్యువు ఇంకా వాడుకలో ఉన్న ఇతర మందుల జన్యువులతో ఒకే గుత్తిలో ఉండడం. అలాగని ఆశ వదులుకోనక్కర్లేదు, మనిషి పేగుల్లో కొత్తగా చేరిన ఈఎస్‌బీఎల్ బ్యాక్టీరియా చాలామందిలో వారాలు, నెలల్లో తగ్గుతుంది. కొత్తది చేరకుండా ఉండాలి, మధ్యలో అక్కర్లేని మాత్ర పడకుండా ఉండాలి, అంతే.

ఇంకో రెండు విషయాలు, ఎందుకంటే 'అన్ని బ్యాక్టీరియాలూ అన్నీ ఇచ్చుకుంటాయి' అని కూడా అనుకోకూడదు. టీబీ బ్యాక్టీరియా ఎవరి దగ్గరా నిరోధక జన్యువు పుచ్చుకోదు. దాని నిరోధకత పూర్తిగా సొంత మార్పుల వల్లే, అందుకే ఒకేసారి నాలుగు మందులు, ఆపకుండా పూర్తి కోర్సు. ఆ నియమం టీబీకి అక్షరాలా నిజం. మామూలు మూత్ర ఇన్ఫెక్షన్‌కు మాత్రం ఎక్కువ రోజులు వాడితే ఎక్కువ మంచిదన్నది నిజం కాదు, డాక్టరు ఐదు రోజులంటే ఐదే. రెండోది గొంతునొప్పి తెచ్చే స్ట్రెప్టోకాకస్ పయోజెనెస్. పెన్సిలిన్ వచ్చి ఎనభై ఏళ్లు దాటినా ఇవాళ్టికీ దానికే లొంగుతోంది. గొంతునొప్పికి అజిత్రోమైసిన్ మూడు మాత్రల స్ట్రిప్ అడిగేవాళ్లు, ఇచ్చే ఆర్‌ఎంపీలు ఈ సంగతి గుర్తుంచుకుంటే బాగుండును. అసలు గొంతునొప్పిలో ఎక్కువ భాగం వైరస్‌దే, దానికి ఈ రెండూ అక్కర్లేదు.

పేపర్లు 'సూపర్‌బగ్' అని రాస్తాయి, నాకు ఆ మాట నచ్చదు. మీ అమ్మగారి ఈ.కోలి మహా భయంకరమైనదేం కాదు. మామూలు ఈ.కోలి చేసే జబ్బే చేస్తుంది, వాడగలిగే మందుల జాబితా చిన్నదైంది, అంతే తేడా.

రిపోర్టులో 'ఎస్' ఉన్నవాటిలో నోటిద్వారా తీసుకునేవి నైట్రోఫ్యురాంటాయిన్, ఫాస్ఫోమైసిన్. ఇవి మూత్రాశయంలో బాగా పనిచేస్తాయి, కిడ్నీ కణజాలంలోకి తగినంత చేరవు. కాబట్టి చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, వాంతులు మొదలైతే ఇవి సరిపోవు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. నైట్రోఫ్యురాంటాయిన్ మొదలుపెట్టేముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూడమని డాక్టరును అడగండి, కిడ్నీ పని తగ్గి ఉంటే అది పనిచేయదు, చెడు కూడా చేయవచ్చు. కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానం వైపు బంధువులెవరికైనా ఇదే మందు చెప్పాలనిపిస్తే ఈ మాట ముందు చెప్పండి. మెరోపెనెమ్ 'ఎస్' ఉంది కదా, 'పవర్ ఎక్కువ' కదా అని మంటకు ఆ సూది వేయించమని పట్టుబట్టకండి.

మంట తగ్గిపోయాక 'పూర్తిగా పోయిందో లేదో' అని మళ్లీ కల్చర్ చేయించనక్కర్లేదు. ఆ వయసులో ఏ బాధా లేకుండా మూత్రంలో బ్యాక్టీరియా కనబడడం మామూలే. కాగితం మీద కనబడిందని మందు వాడితే పేగుల్లో మళ్లీ చోటు ఖాళీ చేసినట్టే. రిపోర్టు ఫోటో మాత్రం ఫోన్‌లో ఉంచుకోండి. రేపు ఏ కంటి ఆపరేషన్‌కో, తుంటి ఎముక విరిగో ఆవిడను చేర్చాల్సి వస్తే, ఆపరేషన్‌కు ముందు ఏ యాంటీబయాటిక్ ఇవ్వాలో నిర్ణయించే డాక్టరుకూ, యూరిన్ ట్యూబ్ వేసే నర్సుకూ అది చూపించండి. ట్యూబ్ అక్కర్లేకపోతే వేయరు, వేసినా తొందరగా తీసేస్తారు.